నలభై ఎనిమిది కేజీల కోడలు

"నేను పడిపోలేదు. కూర్చున్నాను," అంది నూకరత్నం.

ఆమె కూర్చోలేదు. కొట్టు నడిమధ్యన, పెద్ద త్రాసు కింద, ఒక కాలు మడతపడి, చీర కుచ్చిళ్లు పసుపు గిన్నెలో మునిగి, వెల్లకిలా పడి ఉంది. పసుపు రాద్దామని జరపబోయిన ఇరవై కేజీల తూకం రాయి పక్కనే దొర్లి ఉంది. పడిపోయిన మనిషితో పెద్ద చిక్కు లేదు, లేవదీస్తే సరి. పడలేదని వాదించే మనిషిని ఏం చెయ్యాలి?

"కూకున్నోలు పైకప్పు సూత్తారేటి నేస్తం?" అంటూ రాజకుమారి చింతపండు గంప గుమ్మంలోనే దించేసి లోపలికి వచ్చింది.

కొండ మీది ఊరి నుంచి తెల్లవారకముందే బయల్దేరి, రెండు గంటలు నడిచి దిగిన మనిషి. అలుపు కూడా తీర్చుకోలేదు. ఒక చెయ్యి మెడ కింద, ఒక చెయ్యి మోకాళ్ల కింద వేసి నూకరత్నాన్ని ఎత్తి, గోనెసంచుల దొంతికి ఆనించి కూర్చోబెట్టింది. ఎత్తిన చేతులు ఒక్క క్షణం ఆగాయి. ఏదో లెక్క తప్పినట్టు ఆమె మొహం ముడుచుకుంది.

"గుంటా, భవానీ, బేగి రా. మీయమ్మ సల్లగా అయిపోతంది."

భవాని లోపలి నుంచి గ్లాసుతో పరుగున వచ్చింది. డిగ్రీ ఆఖరి ఏడాది చదువుతున్న పిల్ల, ఈ నెల రోజులుగా పుస్తకం కంటే తల్లి మొహమే ఎక్కువ చూస్తోంది.

"తాగమ్మా."

"పంచదార వేశావా?"

"వేశాను."

"అయితే వొద్దు. తూకం అయ్యాక తాగుతాను."

"తూకం దాకా ఉంటే కదా."

"నోర్ముయ్. మంచి రోజు పూట ఆ మాటలేటి?"

మంచి రోజే. ఆ ఏటి చింతపండుకు అది తొలి తూకం. ఈ కొట్టులో నూకరత్నం మావగారు అప్పలస్వామి గారి కాలం నుంచీ ఒక ఆనవాయితీ ఉంది. ఏటా తొలి సంత రోజు పొద్దున్నే త్రాసు తట్టకి పసుపు రాసి, మామిడాకులు కట్టి, మొదటి గంప కంటే ముందు ఇంటి ఇల్లాలిని అందులో కూర్చోబెట్టి తూస్తారు. ఆ అంకెని ఆయన తన చేత్తో గుమ్మం పక్కనున్న టేకు గుంజ మీద మేకుతో గీసేవాడు. ఆ తరవాతే బేరం.

గుంజ మీద నూకరత్నం అంకెలు ఆరే ఉన్నాయి. నలభై ఎనిమిది, నలభై తొమ్మిది, యాభై ఒకటి, యాభై, యాభై నాలుగు, యాభై ఆరు. ఆ ఆరో ఏడు సంతకి వచ్చిన మరిది ఇంకో రాయి తెమ్మంటారా అని నవ్వాడు. ఏడో ఏడు ఆమె తట్టలో కూర్చోలేదు. అప్పటి నుంచి కొబ్బరికాయ కొట్టి సరిపెట్టుకుంటున్నారు. మావగారు పోయాక ఎలక్ట్రానిక్ మెషీన్ వచ్చింది, పాత రాళ్లు అటకెక్కాయి, ఏడాదికి ఒక్క పూట పూజకి మాత్రం దిగుతాయి.

ఈ ఏడు కూర్చుంటానని నూకాలమ్మకి మొక్కుకుంది నూకరత్నం. పెళ్లై వచ్చిన ఏడు ఎంత తూగిందో అంతే తూగుతానని కూడా మొక్కుకుంది. నూకాలమ్మ ఈ రెండో ముక్క అడిగి ఉండదు.

"నిన్న ఏం తిన్నావు?" భవాని అడిగింది.

"తిన్నాను."

"ఏం తిన్నావు?"

నూకరత్నం మడతపడ్డ కాలు సర్దుకుంది.

"మొన్న?"

నూకరత్నం పసుపంటిన కుచ్చిళ్లు పిండుకోవడంలో మునిగిపోయింది.

పెరట్లోంచి లక్ష్మణరావు కొబ్బరికాయతో వచ్చాడు. భార్యని చూశాడు, దొర్లిన రాయిని చూశాడు. కాయని అక్కడే సంచి మీద పెట్టి, వంగి ముందు రాయిని నిలబెట్టాడు. ఆ వరస చూసేసరికి భవానికి ఒళ్లు మండింది.

"అమ్మ పడిపోతే నువ్వు రాయి సర్దుతావేంటి నాన్నా?"

"కాలికి తగుల్తుందని..." అన్నాడు. ఆ మనిషికి మాటలెప్పుడూ సగమే వస్తాయి.

"నువ్వైనా చెప్పు. డాక్టరమ్మ అమ్మతో అన్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. డెబ్బై రెండు కేజీలు ఉన్నావు, షుగర్ వచ్చే గీత మీద ఉన్నావు, అరవైకి దిగితే చాలు అంది. దిగింది. షుగర్ కూడా దిగింది. ఇక్కడ ఆపు, ఇదే నీకు సరైన బరువు అంది. ఆపిందా? యాభై ఏడుకి వచ్చింది. జుట్టు గుప్పెళ్లతో ఊడుతోంది. ఇప్పుడు కూడా నలభై ఎనిమిదేనట. నీ ఎత్తుకి అది తక్కువమ్మా అని ఆవిడ చార్ట్ తీసి మరీ చూపించింది."

"ఆ చార్టులో ఉన్న మనిషెవరో నాకు తెలీదు," అంది నూకరత్నం నింపాదిగా. "నేను నలభై ఎనిమిది ఉన్నాను. గుంజ మీద ఉంది, చూడు. ఆ ఏడు నాకు తలనొప్పి కూడా రాలేదు. కొండెక్కాను, దిగాను. మోకాళ్లున్నాయని కూడా నాకు తెలీదు. తక్కువైతే ఆ రోజే పడిపోవాలి కదా? అప్పుడు సరిపోయింది ఇప్పుడెందుకు సరిపోదు?"

ఆరు నెలలుగా ఆ గుంజే ఆ ఇంట్లో పెద్ద డాక్టరు.

రాజకుమారి గుంజ వైపు చూసి నవ్వింది. "ఆ పొద్దు నాకు బాగా గేపకం. సిలకాకుపచ్చ సీర కట్టినావు. తట్ట లేవగానే మీ అత్త కొంగు ఒడిసి పట్టుకున్నావు."

నూకరత్నం మొహం మెత్తబడింది. "భయమేసిందే. మాడుగుల పక్కన చదునునేల మీద పెరిగిన పిల్లని, నేల వదిలేసరికి ఊపిరాగింది. మావగారు ఒక్కో రాయి వేస్తున్నారు. ఇరవై, ఇరవై, అయిదు, రెండు. ఇంకా నేనే బరువు. ఆఖరికి ఒకటి వేసి, నలభై ఎనిమిది, పువ్వులాంటి కోడలు అన్నారు. సంత జనమంతా నవ్వారు. నాకంత సంతోషం మళ్లీ ఎప్పుడూ కలగలేదు."

"ఆ వారమే కదా కాపీ పువ్వు సూడ్డానికి మా కొండెక్కినావు."

"కాఫీ తోటంతా తెల్లగా. మల్లెల వాసన. మీ అమ్మ చోడంబలి పోసింది, పనస గింజలు కాల్చి పెట్టింది. నాలుగు ముంతలు తాగాను."

"అయిదు."

"పోవే. దిగేటప్పుడు కాలు మడతపడింది..."

"నాను మోసుకొచ్చినాను."

ఇద్దరూ ఒకేసారి నవ్వారు. ఇద్దరికీ అప్పుడు ఇరవై ఒకటి, ఇరవై రెండు. రాజకుమారి ఆమెను వీపున వేసుకుని వాగు దాటించి, కొట్టు మెట్ల దాకా తెచ్చి దింపింది. మర్నాడే ఇద్దరూ గాజులు మార్చుకుని నేస్తం కట్టుకున్నారు. అప్పటి నుంచి ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోలేదు. ఆ గాజులు ఎప్పుడో పగిలిపోయాయి గానీ పిలుపు నిలిచింది.

నవ్వు ముందుగా ఆగింది రాజకుమారికే.

"నేస్తం, ఒక మాట సెప్తాను, ఏటీ అనుకోకు. ఆ పొద్దు నువ్వు నలభై ఎనిమిది లేవు."

"లేకపోవడమేటి?"

"రేషన్ బియ్యం మూట ఏభై కేజీలది. నెలకో మూట నా ఈపు మీదే మా ఊరెక్కేది. ఆ బరువు నా మెడకి తెలుసు. నువ్వు ఆ మూట కంటే బరువే. నలభై ఎనిమిదన్నారు, ఇదేటి ఇలాగుందని దారంతా అనుకున్నాను."

నూకరత్నం వెన్ను నిటారుగా అయింది. "నీ మెడ గొప్పా, మా మావగారి కాటా గొప్పా? ఊరూరా ధర్మకాటా అంటారు దీన్ని."

"అంటారు," అంది రాజకుమారి. "సావుకారి ముందర అంటారు."

గోడ మీద దండ వేసిన ఫోటోలో అప్పలస్వామి గారు ఎప్పటిలాగే చల్లగా చూస్తున్నాడు.

"రాజకుమారీ," అన్నాడు లక్ష్మణరావు. గొంతు పెంచలేదు. "గంప లోపల పెట్టి, అలా కూర్చో. తూకం వేళవుతోంది."

పాతికేళ్లుగా వదినలా చనువుగా తిరిగిన మనిషితో అతను ఆ గొంతుతో మాట్లాడింది అదే మొదలు. రాజకుమారి కొంగు భుజం మీదుగా కప్పుకుని గుమ్మం దగ్గరికి వెళ్లి తన గంప పక్కన కూర్చుంది. కొండ వాళ్లు కొట్టు బయట ఎలా కూర్చుంటారో అలా. ఆమె అక్కడ కూర్చోవడం నూకరత్నానికి కష్టంగానే ఉంది, కానీ మావగారి మాట వచ్చాక బతిమాలడానికి మనసొప్పలేదు.

"నాన్నా, పిన్నిని అలా అంటావేంటి?"

"నేనేం అన్నాను?"

"అదే అడుగుతున్నాను."

"ఆపండి ఇద్దరూ," అంది నూకరత్నం. గోనెసంచి పట్టుకుని లేచింది. "ఇంకా తొమ్మిది కేజీలుంది. ఈ ఏటికి అవలేదు, తెలుసు నాకు. పొద్దున మెషీన్ ఎక్కాను. నూకాలమ్మకి దండం పెట్టి వచ్చే ఏటి దాకా గడువు అడుగుతాను. ఈ పూటకి ఉత్త చేతులతో..."

రెండడుగులు వేసింది. మూడోది పడలేదు.

ఈసారి లక్ష్మణరావు పట్టుకున్నాడు. భార్యను అతను పట్టుకుని ఎన్నాళ్లయిందో. జబ్బ ఎముక చేతికి తగిలింది. చెయ్యి మంచుముద్దలా ఉంది, పెదాలు తెల్లగా ఉన్నాయి.

"రత్నం, రత్నం. చాలు ఇంక. నా మాట విను."

"తొమ్మిదేనండీ," అందామె కళ్లు మూసుకునే. "ఇంత దిగినదాన్ని, తొమ్మిది దిగలేనా?"

"తొమ్మిది కాదే. నాలుగు."

అనేశాక గానీ అన్నట్టు అతనికే తెలియలేదు.

నూకరత్నం కళ్లు తెరిచింది. రోడ్డు మీద సంతకి పోయే ఆటో ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది.

"నాలుగెలా అవుద్ది?" అంది.

లక్ష్మణరావు ఫోటో వైపు చూశాడు.

"అటు చూడకండి. నన్ను చూసి చెప్పండి. యాభై ఏడులోంచి నలభై ఎనిమిది తీస్తే నాలుగెలా అవుద్ది?"

అతను ఆమెను మెల్లగా సంచులకి ఆనించాడు. పసుపు రాసిన ఇరవై రాయిని రెండు చేతులా ఎత్తి, మూలనున్న మెషీన్ దాకా మోసుకెళ్లి, దాని మీద పెట్టాడు. ఎర్ర అంకెలు రెపరెపలాడి నిలబడ్డాయి. ఇరవై రెండున్నర.

దాన్ని దించి రెండో ఇరవై రాయి పెట్టాడు. అదీ అంతే.

"అడుగున సీసం పోయించారు నాన్న," అన్నాడు రాయితోనే చెబుతున్నట్టు. "చిన్న రాళ్లు సరైనవే. పెద్దవి రెండూ కలిపి అయిదు కేజీలు ఎక్కువ. ఆ రోజు నువ్వు యాభై మూడు."

భవాని నోటి మీద చెయ్యి పెట్టుకుంది. నూకరత్నం ఎర్ర అంకెల వైపే చూస్తోంది. ఆమెకి ముందు నవ్వొచ్చింది. ఆరు నెలలు. చద్దన్నం మానేసింది, పెళ్లిళ్లలో ఆకు ముందు నుంచి లేచిపోయింది, అర్ధాకలితో మంచమెక్కి కళ్లు మూసుకుంటే చిలకాకుపచ్చ చీర కట్టిన పిల్ల కనిపించేది. ఆ పిల్ల అంత తేలిగ్గా ఎన్నడూ లేదు. అయిదు ముంతల అంబలి తాగి కొండ దిగిన దిట్టమైన పిల్ల.

తరవాత ఏడుపొచ్చింది.

"మీకెప్పుడు తెలుసు?"

"మన పెళ్లికి ముందే."

"అయితే ఈ ఆరు నెలలూ తెలుసు."

అతను తలూపాడు.

"నేను మీ కళ్లెదుటే కడుపు మాడ్చుకున్నాను. రోజూ పొద్దున ఈ మెషీన్ ఎక్కి దిగుతుంటే మీరు అక్కడ కూర్చుని అగరొత్తి వెలిగించుకున్నారు. ఒక్క మాట. ఒక్క మాట చెబితే ఏం పోయేదండీ?"

"నాన్న పేరు..." అన్నాడు. మిగతా సగం రాలేదు.

"పోయినాయన పేరు కోసం ఉన్నదాన్ని వదిలేశారు."

"మెషీన్ వచ్చాక నేను ఒక్క గ్రాము తేడా చెయ్యలేదు రత్నం. అమ్మవారి మీద ఒట్టు."

"అది నిజిమే," అంది గుమ్మం దగ్గర్నుంచి రాజకుమారి. అతని వైపు చూడకుండానే అంది. "మిసను వొచ్చినాక తూకం సరిగ్గానే ఉంది."

ఆ మాట వినేసరికి లక్ష్మణరావు తల ఇంకా కిందికి పోయింది.

నూకరత్నం ఆమె వైపు తిరిగింది. "నీకు అప్పుడే తెలిస్తే ఎందుకు చెప్పలేదే?"

"మీ మావ నిన్ను పువ్వన్నాడని ఎన్నిసార్లు సెప్పుకుని మురిసినావో నీకు తెలీదు. నాకు తెలుసు. ఎలాగ సెప్పను?" అని ఆగింది. "మరి మేమెక్కడ అమ్మాలి? ఈ కొట్టు కాకపోతే ఇంకో కొట్టు, అక్కడా ఇంతే. ఈ కొట్టులో నువ్వైనా ఉన్నావు."

నూకరత్నం పెద్ద త్రాసు వైపు చూసింది. తన నలభై ఎనిమిది ఉత్తిదైతే, ఆ రాళ్ల మీద తూగిన గంపలన్నీ ఏమిటి? గుమ్మంలో కూర్చున్న ఈ మనిషి మెడ మీద నుంచి దిగిన గంపలు? అడుగుదామని నోరు తెరిచి, అడిగే మొహం లేక మూసుకుంది.

"ఆ గ్లాసిలా తే," అంది భవానితో.

పంచదార నీళ్లు ఆఖరి చుక్క దాకా తాగింది. తాగి, "నేస్తం, ఆ గుమ్మంలోంచి లేచి ఇలా రా. నీ సద్ది మూటలో ఏటుంది?" అంది.

"సోడంబలే. మజ్జిగేసినాను."

"నాక్కొంచెం పొయ్యి."

రాజకుమారి వచ్చి పక్కన కూర్చుని, స్టీలు క్యానులోని రాగి అంబలిని మూతలోకి వంచింది. మొదటి గుక్కకి నూకరత్నం కళ్లు మూతపడ్డాయి. అదే పులుపు, అదే పొగ వాసన. పోసిన చేతి మీద ముడతలొచ్చాయి, అంతే తేడా.

"అయితే ఇప్పుడు యాభై మూడా?" భవాని అనుమానంగా అడిగింది. ఒక అంకె పోయి ఇంకో అంకె వస్తే తన గతేమిటని ఆ పిల్ల దిగులు.

"కాదే. అది ఇరవై ఒక్కేళ్ల పిల్ల బరువు, దానికే ఉండనీ. డాక్టరమ్మ అరవై అంది, అరవై దాటనివ్వను. ఇంతకంటే దిగనివ్వను. షుగర్ రాకుండా, కొండెక్కేటప్పుడు ఆయాసం రాకుండా ఉంటే చాలు నాకు."

"ఇంకో పది రోజుల్లో పువ్వు పూత్తాది," అంది రాజకుమారి. "ఎక్కుతావా?"

"ఎక్కుతాను. దిగేటప్పుడు నువ్వు మొయ్యక్కర్లేదు."

"మొయ్యలేను కూడాను. నా మెడ అరిగిపోనాది."

ఆ నవ్వులో భవాని కూడా కలిసింది. లక్ష్మణరావు కలవలేదు. మెషీన్ మీద రాయి దించుదామని వంగాడు.

"దించకండి," అంది నూకరత్నం. "ముందు గుంజ మీద అంకె దిద్దండి."

"ఏ అంకె?"

"నాది. తప్పుంది కదా."

"రాత్రికి దిద్దుతాలే. సంత జనం వచ్చే వేళ..."

"జనం ముందే గీశారు కదండీ అది. మేకు అక్కడే, ఫోటో వెనక ఉంది."

అతను భార్యను చూశాడు. ఆమె గొంతులో కోపం లేదు, అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది. ఫోటో వెనక చెయ్యి పెట్టి మేకు తీశాడు. ఏళ్ల నాటి తుప్పు వేళ్లకి అంటుకుంది. గుంజ దగ్గరికి వెళ్లి, నలభై ఎనిమిది మీద మేకు మొన ఆనించాడు. టేకు గట్టిగా ఉంది. మొదటి గీత పడింది.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. కావిడి దించుకుంటూ గాసి గుమ్మంలో నిలబడ్డాడు. డెబ్బై ఏళ్ల మనిషి, అప్పలస్వామి గారి మొదటి సంత నుంచి ఈ కొట్టుకే చింతపండు తెస్తున్నాడు. అతని వెనక మరో నలుగురు గంపలతో ఉన్నారు. గాసి మెషీన్ మీదున్న పాత రాయిని చూశాడు, పక్కన వెలుగుతున్న ఎర్ర అంకెల్ని చూశాడు. చదువు లేకపోయినా అంకెలు తెలిసిన మనిషి. తరవాత గుంజ మీదున్న చేతిని చూశాడు.

"ఏటి బాబూ," అన్నాడు మెల్లగా. "పెదసావుకారి గీసిన నెంబరు మారుత్తన్నావు?"

లక్ష్మణరావు చెయ్యి ఆగిపోయింది. గీత సగంలో ఉంది. అతను వెనక్కి తిరిగి భార్యని చూశాడు, ఇన్నేళ్లుగా ప్రతి చిక్కులోనూ చూసినట్టే.

నూకరత్నం అంబలి మూత కింద పెట్టి, కొంగుతో మూతి తుడుచుకుంది.

"అడుగుతున్నాడు కదండీ," అంది. "చెప్పండి."